గడ్డ చుట్టూ ఉన్నవాళ్ళం

రొమ్ములో గడ్డ తగులుతోందని నా భార్య చెప్పేటప్పటికి మేము టమోటా కోతల్లో ఉన్నాం. మదనపల్లె మార్కెట్‌లో ధర బాగా పలుకుతోంది. ఒక్క కోత ఆలస్యమైనా కాయ చెట్టుమీదే మెత్తబడిపోతుంది. "వేడిగడ్డలే, ఆముదం ఆకు వెచ్చజేసి కట్టుకో" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మా అమ్మచేత, పుంగనూరులో ఉండే మా అక్కచేత కూడా అదే మాట అనిపించాను. ముగ్గురం ఒకటే చెప్పేసరికి ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కోతలు ముగిసేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది.

కుప్పం ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇది తొందరగా పాకే రకం క్యాన్సర్ అంది. హార్మోన్ మాత్రలకు లొంగదట. ముందు కీమో, దాంతోపాటు ఇంకో మందు ఎక్కించి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామంది.

"గడ్డ ఒంటరిగా పెరగదమ్మా. చుట్టూ ఉండే రక్తనాళాలే దానికి తిండి పెడతాండాయి. మనకు కాపలా ఉండాల్సిన కణాలను కూడా అది తన పక్కకు తిప్పుకొని ఊరికే కూర్చోబెట్టింది. ఈ రెండో మందు వాటిని లేపి దానిమీదికి పంపిస్తాది."

"అట్లయితే ఆ గడ్డ అచ్చం మా ఆయనే" అంది నా భార్య. "అత్తనూ వదిననూ తన పక్కకు తిప్పుకొని, నన్ను ఇంట్లో కూర్చోబెట్టినాడు."

డాక్టరమ్మ నవ్వేసింది. నా భార్య కూడా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, కోతలు ఆగకూడదనే వేడిగడ్డ అన్న మాట తనచేత చెప్పించానని ఒప్పుకున్నాను. "నా నోటితో అనిపించినావు గదరా పాపిష్టోడా!" అని తిట్టి, మరుసటి రోజే బట్టల సంచితో మా ఇంట్లో దిగింది. మందు ఎక్కించుకొని వచ్చిన ప్రతిసారీ గంజి కాచి తాగించిందీ, జుట్టు రాలిపోతే తలకు మెత్తటి గుడ్డ చుట్టిందీ ఆమే. మందు పనిచేస్తోందో లేదో తెలియని ఆ నెలల్లో, నా భార్య నిద్రలో కదిలినా నాకు భయమేసేది.

ఆపరేషన్ అయ్యాక, తీసిన కండను పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది.

"బతికుండే క్యాన్సర్ కణం ఒక్కటీ కనబడలేదమ్మా. ఇంకొన్నాళ్ళు మందు తప్పదు, చెకప్‌లకు రావాల. అయినా ఇంతకంటే మంచి రిపోర్టు రాదు."

నా భార్య ఇంకోసారి చెప్పించుకుంది. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాను. ఆమె వెనకే వచ్చింది.

"ఏడవాల్సింది నేను గదా, నువ్వు యాల ఏడుస్తాండావు? పో, టీ తీసుకురా. చక్కెర జాస్తిగా ఏయమను."

టీ అంగడి ముందు నిలబడ్డాను. ఏం కావాలని అంగడతను అడిగాడు. రెండు టీలు చెప్పి, ఒకదాంట్లో చక్కెర జాస్తిగా వేయమన్నాను.