సప్పలమ్మ వంతు

మా చిన్నమ్మ పిల్లమ్మ కాడుగోడిలో రైల్వే స్టేషను ముందు పూలమ్మేది. ఆమె పోయి సంవత్సరం కావస్తోంది. నగరంతో ఆమెకు పడిన తగాదా గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. రాసినవాళ్ళంతా బొమ్మల గురించే రాశారు.

బొమ్మలు చిక్కమునియప్పవి. మా దాయాది. ఇటుక బట్టీతో మొదలై, భూములమ్మి ధనవంతుడయ్యాడు. డబ్బొచ్చినవాళ్ళు మేడలు కట్టి ఊరుకుంటే, ఈయన మేడ కట్టి, అందులోని హాలు నిండా పటాలూ కంచు విగ్రహాలూ పెట్టాడు. 1996లో పోతూ, హాల్లోని కళాఖండాలన్నీ బెంగుళూరు నగరానికి రాసిపోయాడు. అప్పటికి కాడుగోడి బెంగుళూరులో లేదు. ఊరికన్నా ముందు ఆయన హాలు నగరంలో కలిసిందని స్టేషను దగ్గర నవ్వుకున్నారు.

చిక్కు ఏమిటంటే, ఆ ఏడు మా సప్పలమ్మ ఆయనింట్లో ఉంది. అమ్మవారిది ఇత్తడి ముఖం. మా దాయాదులవి ఆరిళ్ళు. జాతర నుంచి జాతర దాకా ఒక్కో ఏడు ఒక్కో ఇంట్లో ఉంచుకుని, మంగళవారం తంబిట్టు దీపం పెట్టాలి. బియ్యప్పిండీ బెల్లమూ ముద్ద చేసి, అందులో గుంట తీసి వెలిగించే దీపం అది. దేవుడి గదిలో వెలుతురు చాలదని చిక్కమునియప్ప ఆమెను హాల్లో, కంచు నటరాజు పక్కన నిలబెట్టాడు.

తరువాతి వంతు మా చిన్నమ్మది. అంతకుముందు వంతు వచ్చినప్పుడు ఇంటికి సరైన కప్పు లేక వదులుకుంది. ఈసారి గోడకు గూడు కట్టించి, సున్నం కొట్టించి కూర్చుంది.

ఈలోగా చిక్కమునియప్ప అన్న కొడుకు తిరుపాలు, బొమ్మలు ఉమ్మడి భూమి సొమ్ముతో కొన్నవి కాబట్టి తనవేనని కోర్టుకెక్కాడు. హాలుకు తాళం పడింది. లోపలి వస్తువులకు నంబరు చీటీలు అంటించారు. సప్పలమ్మకు సరిగ్గా బొట్టు పెట్టే చోట అంటించారు.

చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని నగరం తరఫు అధికారి దగ్గరికి వెళ్ళింది.

"అది దేవతేనని రుజువేముందమ్మా?" అన్నాడాయన.

"మీ ఇంట్లో దేవునికి ఏం రుజువు ఉండాది సామీ?"

ఆయన గట్టిగా ఆలోచించి, ఇంకో రోజు రమ్మన్నాడు.

తిరుపాలు దగ్గరికి వెళ్ళాం. "ఒకటి నాది కాదంటే మిగతావీ నావి కాదంటారంట చిన్నమ్మా. లాయరు చెప్పినాడు."

"అయితే సప్పలమ్మ నీదేనా?"

"కేసు అయ్యేదాకా నాదే."

"సరే. అమ్మ వింటాండాది లే," అని వచ్చేసింది.

గూడు ఖాళీగానే ఉంది. ఒక వంతు తీరందే ఇంకో వంతు మొదలవదు కాబట్టి మిగతా ఇళ్ళూ ఆగిపోయాయి. జాతరలో అమ్మవారి ఫోటో ఊరేగించారు. నాలుగేళ్ళకు కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: ఇద్దరూ చెరో ఆరు నెలలు తాళం ఉంచుకోవాలి, వస్తువులు మాత్రం కదపరాదు.

చిన్నమ్మ పడీపడీ నవ్వింది. "ఇంత చదువుకొని వాళ్ళూ వంతులకే వచ్చినారు కదప్పా!"

తాళం తిరుపాలుకు రాగానే, మంగళవారం ఆమె దీపంతో హాల్లోకి నడిచింది. వంతు ఇంటి మనిషిని ఆపడానికి వాడికి ధైర్యం చాలలేదు. నటరాజు కాళ్ళ ముందు ముగ్గేసి కూర్చుంది. ఆరు నెలలకు తాళం నగరానికి పోయింది. తిరిగొచ్చాక మిగతా ఆరు నెలలూ పూర్తి చేసింది. ఏడాది నిండిన రోజు తిరుపాలు చేతుల్లో పసుపు నీళ్ళు పోసి, అమ్మవారి ముఖం తోమే చింతపండు అందించింది.

"ఇంక నీ వంతు నాయనా."

వాడు నవ్వుతూ తీసుకున్నాడు. ఆ వారమే తాళం మళ్ళీ నగరానికి పోయింది. మంగళవారం తిరుపాలు తంబిట్టు దీపం పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. కోర్టు ఆర్డరు తెమ్మన్నాడు కాపలావాడు. గాలికి దీపం ఆరిపోతుంటే చేయి అడ్డం పెట్టుకుంటున్నాడు.

"ఏమప్పా తిరుపాలూ, నీ సొత్తుకు నువ్వే బయట నిలబడుకొని ఉండావే!" అంది పూలబుట్టతో పోతూ చిన్నమ్మ.

కొన్ని మంగళవారాలు గడిచాయి. ఇంట్లో భార్య మాట్లాడడం మానేసింది. చివరికి తిరుపాలే కోర్టుకు రాసిచ్చాడు, ఆ ముఖం తనది కాదు, ఆరిళ్ళది అని. నగరం తరఫు నిపుణులూ ఒప్పుకున్నారు. దేవత అని కాదు, కళాఖండం అనేంత పాతది కాదని.

డప్పులతో సప్పలమ్మ బయటికొచ్చింది. ఊరేగింపు చిన్నమ్మ గడప ముందు ఆగింది.

"నీ గూట్లోనే పెట్టుకో చిన్నమ్మా," అన్నాడు తిరుపాలు తలొంచుకుని.

ఆమె ముఖాన్ని ఒకసారి నిమిరింది. "నా వంతు అయిపాయ కదప్పా. ఎత్తుకో. బియ్యం నానబెట్టుకోని ఉంటాది నీ పెండ్లాము."

డప్పులు వినపడనంత దూరం పోయేదాకా ఆమె గడపలోనే నిలబడింది. ఆ తరువాత లోపలికి పోయి, ఖాళీ గూడు తుడిచింది.

బొమ్మల కేసు ఇంకా నడుస్తోంది. కాడుగోడి పోయిన ఏడే బెంగుళూరులో కలిసింది. వంతు తిరిగి తిరిగి ఈ ఏడు చిన్నమ్మ ఇంటికి వచ్చింది. ఆమెకు పిల్లల్లేరు కాబట్టి ఆ ఇంట్లో ఇప్పుడు మేముంటున్నాం. మొన్న చింతపండుతో ఎంత తోమినా సప్పలమ్మ నుదుటి మీది చీటీ బంక వదల్లేదు. నా భార్య దాని మీదే బొట్టు పెట్టి, గూట్లో కూర్చోబెట్టింది.