ఆముదం తాగిన గడియారం

చేతి గడియారం ఆగిపోతే లోకంలో ఎవరైనా ఏం చేస్తారు? బాగుచేసేవాడికి ఇస్తారు, లేదంటే దాని మీద ఆశ వదులుకుంటారు. నేను ఈ రెండూ చెయ్యలేదు. చేసిన మూడో పని విన్నవాళ్లెవరూ ఈనాటికీ నా చేతికి గడియారం ఇవ్వరు. మీరూ వినండి, మీ గడియారాలు జాగ్రత్త చేసుకోండి.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా అత్తగారిది తిరుమలగిరి దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. పెళ్లిలో మా నాయిన అల్లుడికి చేతి గడియారం పెట్టాడు. నల్గొండ బజారులో అంతకంటే చవకది ఉండి ఉండదు. అయితేనేం, మా ఊరికంతా అదొక్కటే గడియారం! మా ఆయన ఒళ్లంతా గొంగడి కప్పుకున్నా ఆ చెయ్యి మాత్రం బయటపెట్టి నడిచేవాడు. ఎవరైనా "టైమెంతాయె?" అనడిగితే ముందు తలెత్తి పొద్దును చూసేవాడు. ఆ తరువాత గడియారం చూసి, "గిది గూడ సరిగనే చెప్తాంది" అని దాన్ని మెచ్చుకునేవాడు.

చలికాలం మొదట్లో అది ఆగిపోయింది. కీ ఇచ్చినా, విదిలించినా, బతిమాలినా కదల్లేదు.

"నల్గొండల ఇస్తే మంచిగ చేస్తరమ్మా" అన్నాడు మా ఆయన.

"బస్సు కిరాయి పెట్టి, చేసినోనికి పెట్టి... గా పైసలకు ఓ గొర్రెపిల్ల రాదా?" అంది మా అత్త. "గొర్రెపిల్ల ఆగిపోతే కోసుకొని తినచ్చు. దీన్నేం తింటవురా?"

అంతటితో ఆగితే నాకీ కథ ఉండేది కాదు. ఆమె నావైపు తిరిగింది.

"మీ నాయిన నిన్ను తోల్కపోను వస్తడు గద, రానీ. గీ సచ్చిన గడియారం ఆయన చేతులనే పెడ్త. నడిచేదాన్ని తెచ్చినంకనే నిన్ను తోల్త!"

అమ్మలారా, పుట్టింటికి పోవాలని మూట కట్టుకుని కూర్చున్న పిల్లతో అనే మాటేనా అది? నాకు కళ్ల ముందు మా అమ్మ, మా వాకిలి, మా బర్రె అన్నీ ఒక్కసారి కనపడి మాయమయ్యాయి. నడవాలి. నాయిన వచ్చేలోపల ఆ గడియారం నడిచి తీరాలి!

అత్త మేకలకు ఆకు తేబోయినప్పుడు, కాళ్లలో ముళ్లు తీసే చిమ్టాతో గడియారం వెనక మూత లేపాను. లోపల చూద్దును కదా, చక్రాలు! బండి చక్రాల్లాంటివే, కాకపోతే చీమలు తోలుకునే బండివి. నాకు ఒళ్లు పులకరించింది. బండి చక్రం మొరాయిస్తే ఏం పోస్తాం? ఆముదం. తల వేడెక్కితే? ఆముదం. పిల్లల కడుపు బిగిస్తే? ఆముదం. మా గడ్డ మీద ఆముదానికి లొంగని జబ్బేముంది?

కోడి ఈకతో ఒక్క చుక్క వేశాను. నా పుట్టిల్లంత పెద్ద సంగతికి ఒక్క చుక్కా అని ఇంకొంచెం వేశాను. తరువాత ఈక పక్కన పారేసి గిన్నె వంచాను. మూత పెట్టి రాయితో ఒక్కటి కొట్టాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. మా ఇంట్లో అందరికీ టైము చెప్పేది ఆముదంలో పడింది. అద్దం కింద ముళ్లు రెండూ పాకంలో పడ్డ ఈగల్లా ఉన్నాయి.

ఏడుపొచ్చి దాన్ని గోడ మీద ఎండలో పెట్టాను. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి... టిక్కు! మళ్లీ టిక్కు! నేను ఎగిరిన ఎగురుడుకి కోళ్లు చెట్టెక్కాయి. మా ఆయనైతే చెవికి పెట్టుకుని, "ఏమే, నువ్వు దాక్టరువే!" అన్నాడు.

కానీ టిక్కుమనగానే బాగైనట్టు కాదు. చలిపడగానే ఆముదం చిక్కబడింది, గడియారం పడుకుంది. మళ్లీ ఎండెక్కితేగాని లేవలేదు. మా నాయినేమో తెల్లారే సరికి దిగే మనిషి!

వచ్చాడు. చలికి వణుకుతూ, పొగమంచు పడి తడిసిన తలగుడ్డతో. ఆయన వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే మా ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని గడియారం చేతిని మంట మీద తిప్పుతున్నాడు.

"ఏందిరా, మక్కకంకి కాల్చుకుంటున్నవా?" అంది అత్త.

"చలి పెడ్తాందమ్మా."

"ఒక్క చేతికేనా చలి?"

నేను గబగబా నిప్పులు ఎగదోశాను. "జర కిందికి పెట్టయ్యా," అని గుసగుసలాడితే, "కాల్తాందే!" అని ఆయన గుసగుసలాడాడు. అంతలో టిక్కు టిక్కు మొదలైంది. నా గుండె దానికంటే పెద్దగా కొట్టుకుంది.

"అన్నా, నువ్వు పెట్టిన గడియారం ముచ్చట జర మాట్లాడాలె," అని అత్త నాయినతో మొదలుపెట్టగానే మా ఆయన దాన్ని విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "మాట్లాడేదేముందమ్మా? నడుస్తాంది. నువ్వే విను."

మా అత్తకు అంకెలు రావు. బతికిందో చచ్చిందో వినే చెప్పాలి. చెవికి గట్టిగా ఆనించుకుంది. మొహం విచ్చుకుంది. "అవ్ కొడుకా! మంచిగనే..."

మాట ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. వెచ్చవెచ్చటి ఆముదం సందుల్లోంచి చెవిలోకి దిగి, చెంప మీదుగా గదవ దాకా జారింది.

"ఓయమ్మో! గడియారం ఉచ్చ పోసింది!"

నాయిన కంగారుగా దాన్ని అందుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "చెల్లె, ఇది ఆముదం!" అన్నాడు. అందరి చూపులూ నా మీదికే వచ్చాయి. నా మొహం చూస్తే కోడిపిల్లకు కూడా సంగతి తెలిసిపోయేది.

అత్త కొంగుతో చెవి తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. నా మూట విప్పేసుకోవాల్సిందే అనుకున్నాను.

"అన్నా," అంది చివరికి, "గడియారాన్ని నల్గొండకు తోల్కపో. నీ బిడ్డను గూడ ఇయ్యాల్నే తోల్కపో. ఇద్దరూ నా ఇంట్లనే ఉంటే నాకు రెండో చెవి గూడ దక్కదు!"

అట్లా నేను పుట్టింటికి పోయాను. దారిలో నల్గొండలో గడియారాలు బాగుచేసే ఆయన మూత తీసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "పెద్దాయనా, గిది గడియారమా, గానుగనా?" అని అడిగాడు. నాయిన నావైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని.

ఆనాడే పుట్టింటి గడప మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: టిక్కుమనే వస్తువు దేనికీ నా చేత్తో ఆముదం పొయ్యను, ఈ జన్మలో. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. మా ఆయన మోకాళ్లకు మాత్రం మినహాయింపు. అవీ చలికి ఆగిపోతాయి, టిక్కుమంటాయి గానీ, వాటిని బాగుచేసేవాడు నల్గొండ బజారులో కూడా లేడు.