పెదనాన్న కాపలా కాసిన దిబ్బ

మొన్న మనవరాలు పరీక్షకు చదువుకుంటూ, "నాయినమ్మా, బంగ్లాదేశ్‌ల పెద్ద నదులేవి?" అని అడిగింది. పప్పుకు పోపు పెడుతున్నదాన్ని, గరిటె ఆపకుండానే "పద్మ, జమున, మేఘన" అన్నాను. అది పుస్తకం తిప్పి చూసుకుంది. నేను చెప్పింది నిజమని తేలాక నన్ను ఇంకా అనుమానంగా చూసింది. ఏడో తరగతితో బడి మానిన ముసలిదానికి ఇవెక్కడివని! ఆ చూపు అచ్చం మా పెదనాన్నది.

అప్పట్లో మా ఊరు బూర్గంపాడుకు దిగువన, గోదావరి ఒడ్డునే ఉండేది. బడి మాన్పించారు గానీ, బూర్గంపాడు గ్రంథాలయానికి పోవడం మాన్పించలేకపోయారు. అక్కడున్న భూగోళం పుస్తకాలన్నీ, అట్టలు ఊడినవాటితో సహా చదివేశాను. పెదనాన్నకు పుస్తకాల మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే దేనిమీదా లేదు. చూరు నుంచి ధార కడుతున్నా, చేయి బయటపెట్టి చూస్తే గానీ వాన పడుతోందని ఒప్పుకునేవాడు కాదు.

అలాంటి మనిషి ఏటి ఒడ్డు చేనును ఒక బెంగాలీ జంటకు కూరగాయలు పండించుకోమని ఇచ్చాడంటే అది పెద్దమ్మ పోరు వల్లనే. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకులు, ఎక్కడెక్కడో తిరిగి మా ఊరు చేరారు. ఇల్లు వేసుకోమంటే అతను గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. పొద్దంతా తవ్వి మట్టిని పక్కనే కుప్ప పోయడం, భార్య దాని మీద నీళ్లు చల్లి తొక్కడం. ఊళ్లో ఒకటే గుసగుస: లంకెబిందెలు!

"ఇల్లు కట్టెటోడు మీదికి కడ్తడు గని కిందికి తవ్వుతడా? వానలు పడకముందే ఎల్లగొడ్త" అన్నాడు పెదనాన్న.

వెళ్లగొడితే వాళ్లకు ఇంకో చోటు లేదు. పైగా ఆమె కడుపుతో ఉంది. ఇక నేనుండబట్టలేకపోయాను.

"పెదనాన్నా, వాళ్ల దేశమంత పల్లమే. గుంట తవ్వి, ఆ మట్టితోని దిబ్బ పోసి, దానిమీద ఇల్లేసుకుంటరు. మన కాశీ గంగ అక్కడికి పోయి పద్మ అయితది, బ్రహ్మపుత్ర జమున అయితది. రెండు కలిసి మేఘనల పడ్తయి. వరదలకు తట్టుకోవాలంటే గట్లనే కట్టాలె."

పెదనాన్న నోట్లోంచి చుట్ట తీశాడు. "సరిహద్దు దాటంగనే పేర్లు మార్చుకునే నదులా? ఆ నీళ్లు తాగి పెరిగినోణ్ణి నమ్మమంటవా బిడ్డా?"

నా చదువు వాళ్లను ఆదుకుంటుందనుకుంటే ఎదురు తన్నింది. అయినా ఆయన వెళ్లగొట్టలేదు. వెళ్లగొడితే బిందెల జాడ తెలియదు కదా! మర్నాటి నుంచి గొడుగేసుకుని గొయ్యి ఒడ్డున కూర్చున్నాడు. ప్రతి తట్టా ఆయన కర్రతో పొడిచి చూశాకే దిబ్బ ఎక్కాలి. బెంగాలీ మొదట నేర్చుకున్న తెలుగు అదే. తట్ట దించి, "చూడు పెదనాన్నా" అనేవాడు. మేం పిలవడం విని, అదే ఆయన పేరనుకున్నాడు.

శ్రావణంలో గోదావరి ఊరి మీదికొచ్చింది. మూటలు కట్టుకుని అందరం మెరక మీదున్న బడికి చేరాం. చూస్తే పెదనాన్న లేడు. "ఇంకేడుంటడు, బిందెల కాడ!" అని పెద్దమ్మ తల బాదుకుంది. ఊరు ఖాళీ అయ్యాక బెంగాలీ వాటిని తీస్తాడని, ఆయన దిబ్బ దిగకుండా కూర్చున్నాడు. ఈలోగా చుట్టూ నీళ్లు కమ్మాయి.

వరద తీస్తుండగా పడవలో వెళ్లాం. దారిలో మా పెంకుటిల్లు కూలి కనిపించింది. దిబ్బ మీది గుడిసె మాత్రం అలాగే ఉంది. దాని ముందు పెదనాన్న, ఒళ్లో ఆ వరదలోనే పుట్టిన పసిగుడ్డు. బెంగాలీ ఆయనకు గంజి పోస్తున్నాడు.

పెద్దమ్మ ఏడుస్తూనే, "ఇప్పుడన్న నమ్ముతవా?" అంది.

పెదనాన్న బిడ్డను ఆమె చేతికిచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "గుంట మొత్తం మునిగింది బిడ్డా. వాని మొకంల ఇంతన్న బాధ లేదు. అంటే ఏంది? ముందే తీసిండు!" మళ్లీ తనే అన్నాడు: "ఉండనీ తియ్. కండ్ల ముందుంటెనే మంచిది."

వాళ్లు ఉండిపోయారు. ఆ పసిగుడ్డే ఇప్పుడు ఆ గుంటలో చేపలు పెంచుతున్నాడు. పెదనాన్న పోయి ఎన్నేళ్లో అయింది. ఎండాకాలం అటు వెళ్లినప్పుడు, నీళ్లు ఇంకి అడుగు తేలితే, ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని నేను కూడా ఒకసారి వంగి చూస్తాను. గోదావరి మా గోడల ఆనవాళ్లు కూడా మిగల్చలేదు. కాలం మాత్రం ఆయన అనుమానాన్ని భద్రంగా తెచ్చి నా చేతిలో పెట్టింది.