అత్తగారు ముట్టని ద్రాక్షరసం

ఈ నెల మొదటి ఆదివారం మా తెలుగు చర్చిలో నా కూతురు తొలిసారి ప్రభువు బల్లలో, అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడంలో, పాలుపంచుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. అంతకు ముందు వారమే బాప్తిస్మం అయింది. ద్రాక్షరసం పోసిన బుల్లి గ్లాసుల పళ్ళెం చేతులు మారుతూ వస్తుంటే ఎక్కడ ఒలకబోస్తుందోనని ఊపిరి బిగబట్టి చూశాను. ఒలకలేదు. కళ్ళు మూసుకుని తాగి, పళ్ళెం నా చేతికి అందించింది. నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. అదే బెంచీ మీద కూర్చుని, తన ఆఖరి రోజుల్లో ఆవిడ ఆ పళ్ళాన్ని పట్టుకున్నది పక్కవాళ్ళకు అందించడానికే.

అత్తగారి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో పనికి వచ్చారట. ఆస్తి తేలేదు గానీ భక్తినీ కోపాన్నీ మాత్రం జాగ్రత్తగా మూటగట్టుకొచ్చారు. మా ఆయనకు ఓడ మీద పని, ఏడాదిలో చాలా నెలలు సముద్రం మీదే. అందుకని రంగూన్‌లోనే తాకేటా పేటలో ఉన్న మా రెండు గదుల ఇంట్లో నా కొడుకునీ, వాడి తర్వాత చాలా ఆలస్యంగా పుట్టిన కూతురినీ నిజంగా పెంచింది ఆవిడే. మొక్కై వంగనిది మానై వంగునా అని రోజూ వంచేది. కంఠత వాక్యం ఒప్పజెప్పందే కంచంలో అన్నం పడేది కాదు. నా కొడుకు బైబిల్లో అన్నిటికంటే పొట్టి వాక్యాన్ని వెతికి పట్టుకుని కొన్నాళ్ళు దానితోనే భోంచేద్దామని చూశాడు. "వాక్యం పొట్టిదైతే అన్నం కూడా పొట్టిదేరా" అని ఒక్క గరిటె వడ్డించి లేచిపోయింది. మర్నాటికి వాడు ఏకంగా ఒక కీర్తన నేర్చుకున్నాడు.

అన్నిటికీ మించి ఆవిడకు అబద్ధం గిట్టదు. పక్కింటి బర్మా ఆవిడ ప్రేమగా చేపల పులుసూ సేమియా కలిపిన మొహింగా పంపి, ఎలా ఉందని అడిగితే ఉప్పెక్కువైందని చెప్పి వచ్చింది. పిల్లలు దాగుడుమూతలాడుతుంటే, వెతికేవాళ్ళు వచ్చి అన్న ఎక్కడున్నాడని ఆవిణ్ణి అడిగారా, ఆట ముగిసినట్టే. "బియ్యం డబ్బా ఎనకాల" అనేసేది. పిల్లలు గోల పెడితే, "అడిగినోడికి ఉన్నదే సెప్పాల. దేవుడు ఇంటన్నాడు" అనేది. చివరికి సందులో పిల్లలంతా ఆవిడ ఇంట్లో లేనప్పుడు చూసి ఆడుకునేవారు. మేం చాటుగా పడీ పడీ నవ్వేవాళ్ళం.

రెండేళ్ళ కిందట కుర్రాళ్ళను బలవంతంగా సైన్యంలోకి తీసుకుపోవడం మొదలైంది. నా కొడుకు ఫోన్ల రిపేరు పని మానేసి ఇంట్లోంచి కదిలేవాడు కాదు. అడిగినవాళ్ళతో నేను, ఊరికి అటు పక్క చిమిండైంగ్‌లో మేనత్త దగ్గరున్నాడని చెప్పేదాన్ని. అత్తగారి ముందు ఎవరైనా ఆ మాటెత్తితే గబుక్కున నోట్లో కిళ్ళీ కుక్కుకునేది. నోరు నిండుగా ఉన్నప్పుడు జవాబు చెప్పకపోతే అది అబద్ధం కిందికి రాదని ఆవిడ లెక్క. చిన్నదానికి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు తలుపు తీయవద్దని మాత్రం గట్టిగా చెప్పాం.

ఒక మధ్యాహ్నం నేను బజారుకు వెళ్ళాను. అత్తగారు చాప మీద ప్రార్థనలో ఉంది. ప్రార్థనలో ఉంటే ఇల్లు తగలబడినా కళ్ళు తెరవని మనిషి. అప్పుడు తలుపు తట్టినవాడు కొత్తవాడు కాదు, వార్డు ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి, క్రిస్మస్‌కు మా పిల్లకు మిఠాయిలు ఇచ్చేవాడు. పిల్ల అతన్ని బర్మా వాడుకలో ఊలే అని, అంటే బాబాయ్ అని, పిలిచేది. అన్న ఉన్నాడా తల్లీ అని అడిగాడు. పిల్ల నానమ్మ వంక చూసింది. ఆవిడ కళ్ళు మూసే ఉన్నాయి. "ఉన్నాడు ఊలే, లోపల పడుకున్నాడు" అంది. సందు చివర బండిలో మరో ఇద్దరున్నారు. నేను చేపలు పట్టుకుని వచ్చేసరికి నా కొడుకు చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. వాటిని వేసుకోవడానికి కూడా ఆగనివ్వకుండా వాణ్ణి సైన్యానికి పట్టుకుపోయారు.

పిల్ల అన్నం మానేసింది. వాక్యం చెప్పనక్కర్లేదమ్మా, తిను అని అత్తగారే కంచం పట్టుకుని వెంట తిరిగింది. రోజురోజుకీ నీరసించిపోతోంది. కొడుకు ఎటూ పోయాడు, ఇక ఇది కూడా దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది. ఒకరోజు నేను గోంగూర వలుస్తుంటే పిల్ల నానమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "నానమ్మా, నాను సెప్పకపోతే కోకో ఇంటికాడే ఉండును కదా?" అంది. కోకో అంటే అన్నయ్య.

అత్తగారు పిల్ల మొహంలోకి చూసింది. కిళ్ళీ పెట్టె పక్కనే ఉంది, దాని వైపు చెయ్యి పోలేదు. "నువ్వు సెప్పిందేటే? ఆ పొద్దున్నే నాను వార్డు ఆఫీసుకెల్లినాను. ఆళ్ళు అడిగినారు, నాను సెప్పేసినాను. తెలిసే ఒచ్చినారు. నిన్ను ఊరికే అడిగినారు" అంది.

నా చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆ పొద్దున మోకాళ్ళు వాచి ఆవిడ గుమ్మం కూడా దాటలేదు. నూనె రాసింది నేనే. "నిజమేనా?" అంది పిల్ల. "నానెప్పుడన్నా అబద్దం ఆడినానేటి?" అంది ఆవిడ. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఒక జీవితమంతా నిజమే చెప్పిన మనిషి ఆడితే అతకక ఏమవుతుంది? పిల్ల ఆవిడ మీద పడి రెండు చేతులా కొట్టింది, ఏడ్చింది. ఆ పూట అన్నం తింది. మళ్ళీ నానమ్మ పక్కలో పడుకోలేదు.

ఆ తర్వాతి నెల నుంచే అత్తగారు ద్రాక్షరసం ముట్టడం మానేసింది. చర్చి అయ్యగారు ఇంటికొచ్చి ఎందుకమ్మా అని అడిగితే, "దేవుడికీ నాకూ ఒక మాట తేలాల అయ్యగారూ. తప్పు ఒప్పుకుంటే దాన్ని వదిలేయాల. నాను వదల్లేను" అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, వదలడమంటే పిల్లకు నిజం చెప్పడమే. పోయిన వానాకాలంలో ఆవిడ వెళ్ళిపోయింది. ఆఖరున నీళ్ళు పట్టింది పిల్లే, కానీ మాట్లాడకుండా పట్టింది.

మొన్న ఆ మొదటి ఆదివారం చర్చి నుంచి బస్సులో వస్తుంటే పిల్ల నా భుజానికి ఆనుకుంది. "అమ్మా, బల్ల తీసుకునే ముందు ఎవరి మీదా కోపం ఉండకూడదని అయ్యగారు సెప్పినారు. నాను నానమ్మని క్షమించేసినాను" అంది. ఎంత తేలిగ్గా ఉందో ఆ మొహం. నిజం చెబితే ఆ బరువు మళ్ళీ తెచ్చి దాని నెత్తినే పెట్టాలి. చెప్పకపోతే ఆవిడ చెయ్యని తప్పుకు క్షమాపణ పుచ్చుకుని మట్టిలో పడుంటుంది. నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను. నా కొడుకు తిరిగొచ్చాక, వాడి ముందే చెబుతానులే అనుకున్నాను. వాడి దగ్గర నుంచి చివరి ఫోన్ వచ్చి ఏడాది దాటింది. కాలమే అన్నీ మాన్పుతుందని చర్చిలో అందరూ నాకు ధైర్యం చెబుతుంటారు, కానీ మా ఇంట్లో ఆ కాలం ఇంకా ఆ మధ్యాహ్నం దాటి ఇవతలికి రాలేదు.