బాల్కనీ దిగని ఫెలియు

పీపాలు చేసేవాళ్ల ఇంట పుట్టినా ఫెలియు తొరెంత్స్‌కి చిన్నప్పటినుంచీ అక్షరాల మీదే ధ్యాస. స్పెయిన్‌లోని తమ ప్రాంతపు కాటలాన్ భాషలో రాసిన పద్యానికి బహుమతి రావడంతో ఊరి వారపత్రికలో ఉద్యోగమిచ్చారు. మన భాషకు గౌరవం కావాలని, మన పాలన మన చేతుల్లో ఉండాలని వారం వారం రాసేవాడు. అలా అదే మాట చెప్పే ప్రాంతీయ పార్టీకి దగ్గరయ్యాడు. పార్టీ అభ్యర్థి నూలుమిల్లు యజమాని ఎవరిస్త్. ఫెలియు అన్న ఇసిద్రె ఆ మిల్లులోనే మగ్గం నడిపేవాడు.

ఊరి పండుగకు చౌకులో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మనుషుల గోపురం కడతారు. అడుగున జనం ఒకరి వీపు మీద ఒకరు అరచేతులు ఆనించి గట్టిగా నెడుతూ నిలబడాలి. ఏటా ఇసిద్రె వెనక చోటు ఫెలియుదే. ఎన్నికల ముందు వచ్చిన పండుగకు, మనమంతా ఒకే గోపురమని పద్యం రాశాడు. ఆ రోజు ఎవరిస్త్ అతన్ని పురపాలక భవనం బాల్కనీలోకి పిలిపించుకున్నాడు.

"ఒరేయ్ ఫెలియూ, దిగరా. నీ చోటు ఖాళీగా ఉంది," కిందనుంచి కేకేశాడు ఇసిద్రె.

"వస్తున్నా అన్నయ్యా."

ఎవరిస్త్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికండీ కవిగారూ? ఆ చెమటలో నలగడానికి వాళ్లున్నారుగా."

బాల్కనీలో అందరూ నవ్వారు. ఫెలియూ నవ్వాడు. ఆ నవ్వు అన్న చూశాడు.

"వదిలెయ్ ఇసిద్రె, మీవాడిది కొత్త కోటు," అన్నారెవరో కింద.

గోపురం సగానికి లేచి, ఆ ఖాళీ చోటు దగ్గర అడుగు వరస కదిలి కూలింది. పైవాళ్లు ఇసిద్రె భుజం మీద పడ్డారు.

సాయంత్రం ఫెలియు అన్న ఇంటికి వెళ్లేసరికి వదిన కాందిదా భర్త భుజానికి వెనిగర్ గుడ్డ కడుతోంది.

"రండి మరిదిగారూ. పద్యం వినిపించి పోదామని వచ్చారా?"

"నువ్వూరుకోవే," అన్నాడు ఇసిద్రె. "గాలి కొట్టి కూలిందిరా. అంతే."

ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. అయినా పత్రికలో ఫెలియు గాలి వల్లేనని రాశాడు. అన్న దయతో ఆడిన అబద్ధాన్ని తన సంతకంతో అచ్చేసుకున్నాడు.

మరుసటేడు పండుగకు బాల్కనీకి పిలుపు వచ్చినా వెళ్లలేదు. గుంపులోకి దూరి అన్న వీపు మీద అరచేతులు ఆనించాడు. ఆ ఒత్తిడిలో ఇసిద్రె తల తిప్పలేడు.

"ఎవరయ్యా నువ్వు? చేతులు మరీ మెత్తగా ఉన్నాయి. గట్టిగా నెట్టు," అన్నాడు.

ఫెలియు నెట్టాడు. పేరు మాత్రం చెప్పలేదు.