మిలిట్రీ మావయ్య బండి అప్పగింత

ఆయన పోయాక వీధి వీధంతా వచ్చి కూర్చుంది. సగంమంది మాటల్లోనే ఆయన్ని మహా యుద్ధవీరుణ్ణి చేసేశారు. మంచినీళ్ళు అందిస్తున్న కోడలికి లోపల నవ్వొచ్చింది. మావయ్య వింటే ఊరుకునేవారు కాదు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఆయన లారీ తోలారు. కొండదారుల్లో దుప్పట్లూ పిండి బస్తాలూ పైకి, గాయపడ్డవాళ్ళు కిందికి. "ఎంతమందిని చంపావు తాతా?" అని పిల్లలు చుట్టుముడితే, "రెండు గేరుబాక్సుల్ని" అనేవారు, బాధగా మొహం పెట్టి.

ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. ఎవరో షెడ్డులో మూలపడేసిన వ్యాన్ తెచ్చి, విప్పి, బిగించి, నిలబెట్టారు. ఇంటిబండి అని పేరే గానీ వీధి మొత్తానికీ అదే దిక్కు. పురిటినొప్పులొచ్చినా, పరీక్షకి ఆలస్యమైనా, ఇల్లు మారినా ఆయన తలుపే తట్టేవారు. ఆయన అన్నం ముందు నుంచి చెయ్యి కడుక్కుని లేచేవారు. "నాకూ ఏదైనా జబ్బొస్తే బాగుండు, ఆ బండిలో కూర్చుని ఈయనతో నాలుగు మాటలాడొచ్చు" అని అత్తయ్య దెప్పేది. పిల్లలకి జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నది మాత్రం ఆయనేనని ఆవిడే చెప్పేది.

ఎనభై దాటాక కళ్ళు మసకబారాయి. ఆయన ఒప్పుకోలేదు. "నా బండికి ఒక్క గీత పడిందా?" అనేవారు. నిజమే, పడలేదు. ఎందుకు పడలేదో కోడలికి దర్జీ కొట్టు దగ్గర తెలిసింది. వ్యాన్ చప్పుడు వినబడగానే దర్జీ బయటున్న స్టూలు లోపలికి లాగాడు. ఎదురు కొట్టతను మెట్ల మీది బుట్టలు ఎత్తేశాడు. ఎవరో ఆడుకుంటున్న పిల్లల్ని మెట్లెక్కించారు. వ్యాన్ దర్జాగా సాగిపోయింది. వెనకే అన్నీ మళ్ళీ బయటికొచ్చాయి.

"ఇదెన్నాళ్ళ నుంచి?" అంది కోడలు.

"చాన్నాళ్ళైందమ్మా. వేళకి ఆసుపత్రికి చేర్చి మా అమ్మాయిని బతికించిన మనిషికి కళ్ళు కనబడట్లేదని ఏ నోటితో చెప్పను?"

"మరి వీధి దాటాక స్టూళ్ళు ఎవరు తీస్తారన్నా?"

దర్జీ తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కించాడు.

ఇంట్లో చెబితే భర్త పేపరు వెనక దాక్కున్నాడు. "నాన్నతో నేనా? నీకు బండి నేర్పిందే ఆయన. నువ్వే చెప్పు." అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసింది. "కళ్ళకంటే ముందు పోయినవి ఆయన చెవులు. పెళ్ళైన మర్నాడే పోయాయి."

వ్యాన్ అద్దం తుడుస్తున్న ఆయన దగ్గరికి కోడలే వెళ్ళింది. తాళంచెవి తీసుకుంటే మనిషిలో ఏం మిగులుతుందోనని ఆమె భయం. తీసుకోకపోతే ఏ పిల్లవాడు అడ్డొస్తాడోనని అంతకంటే భయం.

"మావయ్యా, మీరు వెళ్తుంటే వీధే తప్పుకుంటోంది. పిల్లల్ని పక్కకి లాగడం నేను చూశాను."

గుడ్డ ఆగింది. "ఎవడన్నాడు?"

"ఎవరూ అన్లేదు. అదే నా భయం."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఆమె ఇచ్చిన టీ ముట్టలేదు, ఆమెతో పలకలేదు. "ఈ అలకకి పతకం ఇవ్వాల్సింది వీళ్ళ సైన్యం" అంది అత్తయ్య.

ఒక ఉదయం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వ్యాన్ పక్కన నిలబడ్డారు. "అమ్మాయ్, ఇలా రా. మా సైన్యంలో బండి చేతులు మారేటప్పుడు ఒక పద్ధతుంది. ఇచ్చేవాడు చుట్టూ తిరిగి లోపాలన్నీ పైకి చెప్పాలి. తీసుకునేవాడు, ఇంకేమైనా ఉందా అని అడుగుతూనే ఉండాలి. ఒకడు దాస్తే కొండ మీద ఇంకొకడు పోతాడు."

నడక మొదలైంది. "వెనక తలుపు తన్నితే గానీ పడదు."

"ఇంకేమైనా ఉందా?"

"రెండో గేరు మొండిది. బతిమాలాలి, మీ అత్తయ్యని బతిమాలినట్టు."

"వినబడుతోంది!" అని వంటింటి కిటికీ అరిచింది.

"బ్రేకు వేస్తే ఎడమకి లాగుతుంది."

చుట్టు పూర్తయింది. ఆయన డ్రైవరు తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. అక్కడితో వదిలేద్దామనిపించింది కోడలికి. కానీ పద్ధతి పద్ధతే.

"ఇంకేమైనా ఉందా, మావయ్యా?"

"ఉంది. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో డ్రైవరుకి తెలియట్లేదు. తెలిసీ చెప్పలేదు. ఇంకేమీ లేదు." తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

ఆ పూటే ఎదురింటి బామ్మగారి కాలికట్టు ఆసుపత్రిలో విప్పించాలి. ఆవిడ ముందు, బండి తోలే కోడలి పక్కన కూర్చుంటే, ఆయన వెనక బల్ల మీదికెక్కారు. తోలడమే గానీ ఎన్నడూ అక్కడ కూర్చున్నవారు కారు. మలుపు తిరగ్గానే పెద్ద కేక.

"అమ్మాయ్! ఇక్కడ ఇంత కుదుపా! కడుపుతో ఉన్నవాళ్ళనీ, కాళ్ళు విరిగినవాళ్ళనీ ఇక్కడే కదా కూచోబెట్టాను! ఒక్కళ్ళైనా చెప్పలేదే!"

"చెబితే నడిరోడ్డు మీద ఆపి బాగుచెయ్యడం మొదలెడతావని భయం, నాయనా" అంది బామ్మగారు.

సాయంత్రానికి ఆ బల్ల ఊడి వాకిట్లో ఉంది. ఆయన దాని పక్కన చతికిలబడి, ఏ మూల మేకులు లేచాయో వేళ్ళతో తడిమి చూస్తున్నారు. దూది మూట చంకన పెట్టుకుని దర్జీ గేటు తీస్తున్నాడు.