అంజవ్వ పట్టిన హంతకురాలు

ఫినాయిల్ వాసన తగిలితే నాకు సినిమా చూడాలనిపిస్తుంది. మొన్న ఆసుపత్రి వరండాలో ఎవరో నేల తుడుస్తుంటే ఒళ్లంతా హుషారు పుట్టింది. పక్కన కూర్చున్నవాళ్లకు కారణం చెప్పలేక తల దించుకున్నాను. ఆ వాసన వెంటే ఒక ఉదయం గుర్తొస్తుంది. ముంబైలోని మా తెలుగు దినపత్రిక డెస్క్ ఇన్‌ఛార్జి రామ్మోహన్ గారు ఆదివారం పేజీని నా ముందు పరిచి, నేను రాసిన సినిమా పరిచయం మీద ఎర్ర గీత గీశారు. "హంతకుణ్ణే మార్చేశావమ్మా. దాదర్ నుంచి పాఠకుడు ఫోన్ చేశాడు. చంపింది చిన్న కొడుకట. నువ్వు తల్లి అని రాశావు. చూసి రాశావా, విని రాశావా?"

విని రాశాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలే. ఇంకా శిక్షణ కాలం. చూడని సినిమా గురించి రాసినదాన్ని ఉంచుకుంటారన్న ఆశ నాకు లేదు. ఆయన పేజీ మడిచి నా చేతికిచ్చారు. "రేపు సాయంత్రానికి సవరణ రాసుకురా. ఈసారి చూసి రాయి. నీ సంగతి ఆ తర్వాత ఆలోచిస్తాను" అన్నారు.

నేను విన్నది అంజవ్వ నోట. కామాఠిపురాలో మా గదికి ఎదురుగదే ఆమెది. తాతల కాలంలో పాలమూరు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ల కుటుంబాలే, ఒకే నడవా వెంట వరుసగా గదులుండే మా చాల్ నిండా. అంజవ్వ మాత్రం ఫోర్ట్ వైపు ఒక ఫిల్మ్ క్లబ్బు హాల్లో నేల తుడిచే పనిలో ఉండేది. ఆట మొదలయ్యాక ఆమెకు పని లేదు. చివరి వరుస వెనక బకెట్ బోర్లించుకుని కూర్చుని, పెద్ద థియేటర్లకు ఎన్నడూ రాని సినిమాలన్నీ చూసేది. ఆ పరాయి దేశాల భాషలేవీ ఆమెకు రావు. తెర అడుగున పడే ఇంగ్లిష్ అక్షరాలూ రావు. మొహాలు చూసి, చేతులు చూసి, తలుపులు ఎవరు ఎలా వేస్తున్నారో చూసి కథ పట్టేది.

ఆదివారం మధ్యాహ్నాలు మా అంతస్తు నడవాలో ఆ కథలు చెప్పేది. బియ్యం ఏరేవాళ్లు, బట్టలు మడతపెట్టేవాళ్లు, చుట్టూ మేము. మరాఠీ తప్ప మాట్లాడని కాలేజీ పిల్లలు కూడా అప్పుడు తెలుగు వినేవారు. ఒక సినిమాలో ఊరంతా కలిసి ఒక బావిని పూడ్చేస్తుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. ఇంకోదాంట్లో లిఫ్ట్ నడిపే మనిషి తన చెల్లెల్ని చంపినవాణ్ణి బూట్లు చూసి గుర్తుపడతాడు, వాణ్ణి రోజూ తొమ్మిదో అంతస్తుకు తీసుకెళ్తూనే ఉంటాడు. వింటుంటే ఏరుతున్న బియ్యంలో రాళ్లు అలాగే ఉండిపోయేవి.

"ఈయాల్టి పిచ్చర్ మంచు దేశంది. గడ్డపార దిగని నేల. పీనుగను దాచాలె. ఏం జేస్తరు, చెప్పుండ్రి?" అని ఒక ఆదివారం అంజవ్వ ఆపింది.

"బరఫ్ గడ్డల పెడ్తరు" అంది కింది గది రాములమ్మ వదిన.

"నీ మొగుడు తెచ్చే చేపలనుకున్నవానే?"

అందరూ నవ్వారు. రాములమ్మ వదిన మాత్రం, "నీ కథలకన్న చేపలే నయం, కుక్కర్ కూత పెట్టినా ఈడికెల్లి లేవలేకపోతున్న" అని విసుక్కుంది, లేవకుండానే.

ఆ మంచు దేశపు సినిమా గురించే నేను రాసింది. ఒక రైతు దుంపలు నిలవచేసే కొట్టంలో చచ్చిపడి ఉంటాడు. ఇంట్లో భార్య, ఇద్దరు కొడుకులు. నేరం చిన్న కొడుకు మీద పడుతుంది. "చంపింది తల్లి, మోసింది కొడుకు" అని అంజవ్వ తేల్చేసింది. నేను అచ్చులో పెట్టేశాను.

అదృష్టం బాగుండి మరునాడు ఉదయం ఆ సినిమా ఇంకోసారి వేశారు. అంజవ్వ బకెట్ పక్కనే నేనూ కూర్చున్నాను. చిన్న కొడుకు పోలీసు ఎదుట కూర్చుని, "నేనే చంపాను" అన్నాడు. తెర అడుగున ఆ మాటలు స్పష్టంగా పడ్డాయి. ఆట ముగిసి జనం వెళ్లిపోయాక నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అవ్వా, వాడే ఒప్పుకున్నాడు కదా! కింద రాసి ఉంది. నా ఉద్యోగం పోతుంది ఇప్పుడు."

"కింద రాసింది నాకు రాదు బిడ్డా. కంచాలు చూసినవా?"

"ఏ కంచాలు?"

"గదీ కథ! పొద్దంతా అక్షరాలు ఏరుకుంటుంటే కంచాలేం కనపడ్తయి?" అని, సినిమా వేసే గది కిటికీ వైపు తిరిగి, కాస్త వెనక్కి తీసుకెళ్లమని కేకేసింది. "ఓ పాండు భావూ! జరా మాగే ఘే!"

"అంజాబాయి, రోజ్ కా నాటక్ హై తేరా!" అని లోపల్నుంచి ఆపరేటర్ గొణిగాడు. గొణుగుతూనే బొమ్మ వెనక్కి తిప్పాడు.

అంజవ్వ ఫినాయిల్ వాసన వేసే అరచేతిని నా కళ్ల ముందు అడ్డంగా పెట్టింది. తెర అడుగు భాగం మాయమైంది. వంటింట్లో కొడుకులు ఏదో వాదించుకుంటున్నారు. ఇందాక నేను ఆ వాదనంతా చదివాను. ఇప్పుడు చదవడానికేమీ లేదు. వాళ్ల వెనక తల్లి అరలోంచి నాలుగు కంచాలు తీసింది. ఆగింది. ఒకటి తిరిగి అరలో పెట్టేసింది. తండ్రి చనిపోయాడన్న కబురు ఆ ఇంటికి అప్పటికింకా రాలేదు.

అంజవ్వ చెయ్యి తీసేసింది.

"పనికి పోయినోని కంచం ఎవరన్న లోపల పెడ్తరా?" అంది.

మా చాల్‌లో పెట్టరు. పరంజా ఎక్కి పనిచేసే మనిషి తిరిగొచ్చి మెట్లెక్కేదాకా అతని కంచం పొయ్యి పక్కన బోర్లించే ఉంటుంది. తీసి లోపల పెట్టడం అపశకునం. భర్త పరంజా మీంచి పడి చనిపోయిన తర్వాత కూడా అంజవ్వ మూడు రోజులు ఆ కంచాన్ని ముట్టుకోనివ్వలేదని మా అమ్మ చెప్పేది.

"వాళ్ల దేశంలో ఆ పద్ధతి ఉండదేమో అవ్వా. ఆ తండ్రి తాగుబోతు కూడా. చాలా రాత్రులు ఇంటికే రాడట, మొదట్లో పెద్ద కొడుకు చెప్పాడు."

అంజవ్వ బకెట్‌ను నిలబెట్టి తుడుపుగుడ్డ అందుకుంది. "గా సంగతి నాకు తెల్వదు. నాకెవరు జెప్పిండ్రు?" అంది. మళ్లీ వెంటనే, "అయితే మాత్రం, రానోడనుకుంటే మొదలు నాలుగెందుకు తీసింది? తీసినంక యాదికొచ్చింది ఆమెకు" అంది.

సాయంత్రం సవరణ రాశాను. "ఈ చిత్రంలో నేరాన్ని ఒప్పుకునేది చిన్న కొడుకు. మా పరిచయంలో తల్లి అని రావడం పొరపాటు. భర్త చనిపోయిన కబురు రాకముందే ఆమె నాలుగో కంచాన్ని ఎందుకు తిరిగి అరలో పెట్టేసిందో మాత్రం చిత్రం చెప్పదు." రామ్మోహన్ గారు చివరి వాక్యం మీద పెన్ను ఆనించారు. "ఇది నువ్వు చూశావా?" అన్నారు. చూశానన్నాను. "ఎవరు చూపించారు?" అన్నారు. చెప్పాను. వాక్యాన్ని ఉంచారు. నా శిక్షణ కాలాన్ని ఇంకో మూడు నెలలు పొడిగించారు.

ఆ ఆదివారం నడవాలో నేనే సవరణ చదివి వినిపించాను. "నీ ఖూనీ తప్పిందంట గదా అంజవ్వా!" అని రాములమ్మ వదిన అందుకుంది. అంజవ్వ తొణకలేదు. "తప్పిందని యాడ రాసిండ్రు? ఆఖరి లైను మల్ల సదువు బిడ్డా" అంది. మళ్లీ చదివాను. ఆ మధ్యాహ్నమంతా చాల్ రెండు పక్షాలుగా చీలి వాదించుకుంది. సినిమా చూసినవాళ్లం మేమిద్దరమే.

అంజవ్వ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఏ మూల దేశపు సినిమానైనా ఇంట్లో కూర్చునే చూడొచ్చు. పేరు విననివాళ్లు తీసినవి, ఎవరూ మాట్లాడుకోనివి వెతికి మరీ పట్టుకుంటాను. దొరికిన ప్రతిసారీ అదే ఉత్సాహం. మొదటిసారి తెర అడుగున అట్టముక్క అడ్డం పెట్టి చూస్తాను. రెండోసారి అట్ట తీసి చదువుతాను. రెండు కథలూ ఒకటే అయిన సినిమాలు తక్కువ. వార్తలు రాసేటప్పుడు కూడా ఎదుటివాళ్లు చెప్పింది రాసుకుంటూనే వాళ్ల చేతులు చూడడం అలవాటయింది.

ఆ మంచు దేశపు దర్శకుడికి రెండుసార్లు రాశాను. రెండోసారి జవాబొచ్చింది. కంచం తిరిగి పెట్టడం తన స్క్రిప్టులో లేదట. షూటింగ్‌లో తల్లి వేషం వేసిన నటి తనంతట తానే చేసిందట, బాగుందని ఉంచేశాడట. ఎందుకు చేశావని ఆయన అడగలేదు. సినిమా విడుదలకు ముందే ఆమె చనిపోయింది.